తప్పు జవాబులను బడికి తిరిగి పంపండి

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల చదువు ఏ స్థాయిలో ఉందో కొలిచే సర్వేల ఫలితాలు వెలువడిన ప్రతిసారీ మన పత్రికల్లో రెండు రోజుల పాటు పెద్ద చర్చ నడుస్తుంది. ఏ రాష్ట్రం ముందుంది, ఏ జిల్లా అట్టడుగున ఉంది, మూడో తరగతి పిల్లల్లో ఎంతమందికి తీసివేతలు రావు అన్న లెక్కలు మొదటి పేజీకి ఎక్కుతాయి. మూడో రోజుకు ఆ ఊసే ఉండదు. పరీక్ష రాసిన పిల్లలు చదివే బడికి మాత్రం ఆ పరీక్ష నుంచి పనికొచ్చే ముక్క ఒక్కటీ చేరదు. హైదరాబాద్ జిల్లా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఉద్యోగ జీవితమంతా గడిపి ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసిన నేను ఈ ఒక్క విషయం గురించే రాయదలచుకున్నాను.

నేను పరీక్షలకు వ్యతిరేకిని కాను. మూడో తరగతికి వచ్చిన పిల్లవాడు ఒత్తులున్న చిన్న వాక్యం చదవలేకపోతే ఆ సంగతి తల్లిదండ్రులకూ తెలియాలి, అధికారులకూ తెలియాలి. దాచిపెడితే నష్టపోయేది ఆ పిల్లవాడే. కాకపోతే ఏ పరీక్షను ఎందుకు పెట్టారో మరిచిపోయి, దాని ఫలితాన్ని ఇంకో పనికి వాడుకోవడం వల్ల ఎంత నష్టం జరుగుతోందో తరగతి గదిలో నిలబడి చూసినవారికే తెలుస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2017లోనూ 2021లోనూ జాతీయ సాధన సర్వే జరిపినప్పుడు ప్రాథమిక స్థాయిలో 3, 5 తరగతుల పిల్లలు దాన్ని రాశారు. ఆ వరుసలోనే జాతీయ పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ కింద ఏర్పాటైన పరఖ్ అనే మూల్యాంకన కేంద్రం 2024 డిసెంబర్ 4న 3, 6, 9 తరగతులకు రాష్ట్రీయ సర్వేక్షణ్ నిర్వహించింది. 781 జిల్లాల్లోని 74 వేలకు పైగా పాఠశాలల నుంచి 21 లక్షల మందికి పైగా పిల్లలు అందులో పాల్గొన్నారు. ఇది నమూనా సర్వే. జిల్లాలో కొన్ని బడులను, ఆ బడుల్లో కొందరు పిల్లలను ఎంచుకుని, వారి జవాబులను బట్టి జిల్లాలోనూ రాష్ట్రంలోనూ చదువు ఎలా సాగుతోందో అంచనా కడతారు. ఏ ఒక్క బడికీ మార్కులు వేయడానికి గానీ, ఏ ఒక్క టీచరునూ వేలెత్తి చూపడానికి గానీ దీన్ని రూపొందించలేదు. ఇక అసర్ అన్నది గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి చేసే సర్వే. పూర్తిగా నగరమే అయిన హైదరాబాద్ జిల్లాకు అందులో చోటే లేదు. అయినా ఆ నివేదిక వచ్చిన వారం మా సమావేశాల్లో దాన్ని చదివి వినిపించి, మేము తలలు దించుకునేదాకా వదిలేవారు కారు!

పైనుంచి కిందికి దిగేకొద్దీ ఆ అంచనా కాస్తా ఒత్తిడిగా మారుతుంది. రాష్ట్ర సగటు తగ్గిందని జిల్లాను అడుగుతారు, జిల్లావారు బడులను తనిఖీ చేసే డిప్యూటీ ఐఓఎస్‌లను, వారు చుట్టుపక్కల బడుల సముదాయాన్ని చూసే కాంప్లెక్స్ హెచ్‌ఎంలను, వారు చివరికి బడిని అడుగుతారు. సర్వే తేదీ ఖరారు కాగానే మాదిరి ప్రశ్నపత్రాలు వాట్సాప్‌లో దిగుతాయి. వాటిని జిరాక్సు తీయించాలి, పిల్లలతో రాయించాలి, దిద్దాలి, శాతాలు కట్టి ఎక్సెల్ పట్టికలో నింపి సాయంత్రంలోగా పంపాలి. నేను పనిచేసిన కాలంలో ఒక కాంప్లెక్స్ సమావేశంలో అలా పోగైన శాతాలతో బడులన్నింటినీ వరుసలో పెట్టి ప్రొజెక్టర్ మీద చూపించారు. పైనున్న బడి పేరుకు ఆకుపచ్చ రంగు వేశారు, కిందనున్న బడి పేరుకు ఎరుపు వేశారు. ఆ ఎర్ర రంగు పడిన బడిలో ఐదో తరగతిలో ఉన్నది పన్నెండు మంది.

ఆ పన్నెండు మంది లెక్క ఒకసారి చూద్దాం. నూటికి తొంభై తెచ్చుకునే ఒక అమ్మాయి, తండ్రి పని మారడంతో బడి మానేసి మేడ్చల్ వైపు వెళ్లిపోయిందనుకుందాం. అదే నెలలో నారాయణపేట నుంచి వలస వచ్చిన కుటుంబంలోని పిల్లవాడు చేరి నూటికి ఇరవై తెచ్చుకున్నాడనుకుందాం. మిగతా పదకొండు మంది మార్కుల్లో వెంట్రుకవాసి మార్పు లేకపోయినా తరగతి సగటు దాదాపు ఆరు మార్కులు పడిపోతుంది. టీచరు మారలేదు, పాఠం మారలేదు, బడి మాత్రం వరుసలో మధ్య నుంచి ఆఖరికి జారిపోతుంది. ముషీరాబాద్, అంబర్‌పేట, ఆసిఫ్‌నగర్ ప్రాంతాల బస్తీల్లో పనిచేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. భవన నిర్మాణ పనుల వెంట కదిలే కుటుంబాలు, అద్దె పెరిగిందని గల్లీ మారేవాళ్లు, దసరాకు ఊరెళ్లి కోతలు అయ్యాక గానీ తిరిగి రానివాళ్లు ప్రతి బడిలోనూ ఉంటారు. అంత చిన్న సంఖ్యల మీద తీసిన సగటుకు రంగులు పూయడం, పిల్లలకు గణితం నేర్పే శాఖ చేయదగిన పని కాదు.

నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. ఇరవై ప్రశ్నల పత్రంలో ఒక్కటీ చదవకుండా గుడ్డిగా పెట్టినా సగటున ఐదు కలుస్తాయి. ఎనిమిది నిజంగా తెలిసి, మిగతా పన్నెండు గుడ్డిగా పెట్టిన పిల్లవాడికి పదకొండు దాకా వస్తాయి. అంటే పట్టికలో యాభై ఐదు శాతంగా కనిపించేదాని వెనుక ఉన్న చదువు నలభై శాతమే. పెద్ద సర్వేల్లో దీన్ని సరిచూసుకునే గణాంక పద్ధతులు ఉంటాయి, బడి నుంచి వెళ్లే ఎక్సెల్ పట్టికలో అవేవీ ఉండవు. పైగా ఈ కిటుకును పిల్లలు మనకన్నా ముందే పసిగడతారు. అన్నింటికీ ‘బి’ పెట్టేసి ఆటకు పరుగెత్తిన నాలుగో తరగతి పిల్లవాడికి, కూడబలుక్కుంటూ చదివి, పత్రం వెనుక గీతలు గీసి లెక్క చేసుకున్న పిల్లకన్నా ఒక మార్కు ఎక్కువ రావడం నేను స్వయంగా చూశాను. ఆ పిల్ల ముఖం చూసి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అసలు సంగతికి వస్తాను. మాదిరి పత్రాల్లో తరచూ కనిపించే రకం లెక్క ఒకటి తీసుకుందాం. 52 నుంచి 27 తీసివేస్తే ఎంత? కింద 25, 35, 79, 24 అని నాలుగు జవాబులు ఇచ్చారనుకుందాం. 25 పెట్టినవారికి మార్కు వస్తుంది, మిగిలినవారందరికీ సున్నా. కానీ ఆ సున్నాలన్నీ ఒకటి కావు. 35 పెట్టిన పిల్లకు తీసివేత అంటే ఏమిటో తెలుసు. ఒకట్ల స్థానంలో 2 నుంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7 నుంచి 2 తీసేసింది. అంటే పదుల స్థానం నుంచి ఒక పదిని అప్పు తెచ్చుకోవడం ఆమెకు ఇంకా పట్టుబడలేదు. 79 పెట్టిన పిల్లవాడు రెండు సంఖ్యలనూ శుభ్రంగా కూడాడు. వాడికి లెక్క వచ్చు, ‘తీసివేస్తే’ అన్న మాటే చదవలేకపోయాడు, లేదంటే చదవకుండానే మొదలుపెట్టాడు. 24 పెట్టినవాడికి పద్ధతి మొత్తం తెలుసు, పన్నెండు నుంచి ఏడు తీసేటప్పుడు వేళ్ల మీద ఒకటి తప్పిపోయింది.

ముగ్గురికీ కావలసింది మూడు రకాల సాయం. మొదటి పిల్లకు పదేసి పుల్లలు కట్టిన కట్టలు ఇచ్చి, ఒక కట్టను ఆమె చేతనే విప్పించి ఆ పది పుల్లలనూ విడి పుల్లల్లో కలిపిస్తే కొద్ది రోజుల్లో దారిలో పడుతుంది. రెండోవాడికి ఇంకో వంద తీసివేతలు ఇచ్చినా లాభం లేదు, పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. మూడోవాడికి రోజూ కాస్త నోటిలెక్క చాలు. ఈ ముగ్గురినీ ఒకే మూటలో కట్టి ‘తీసివేతలు రానివారు’ అని రాస్తే, రేపు పొద్దున తరగతిలో అడుగుపెట్టే టీచరుకు దానివల్ల ఒరిగేదేమిటి? 2024 సర్వేలో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండంకెల కూడికలు, తీసివేతలు చేయగలిగినవారు 58 శాతమని, 99 వరకు సంఖ్యలను ఎక్కువ తక్కువల వరుసలో పెట్టగలిగినవారు 55 శాతమని, ఆరో తరగతిలో పదో ఎక్కం దాకా వచ్చినవారు 53 శాతమని తేలింది. ఢిల్లీలో విధానాలు రాసేవారికి ఆ అంకెలు కావాలి, నేను కాదనను. బడికి కావలసినది కూడికలు, తీసివేతలు చేయలేకపోయిన మిగతా 42 శాతం మంది ఏ జవాబు పెట్టారన్నది. వాళ్లు పెట్టిన గుర్తులు పత్రాల్లో ఉన్నాయి, యంత్రం వాటిని చదివింది కూడా. కానీ అది తప్పు అన్న ఒక్క మాటగా మాత్రమే బయటికి వస్తుంది.

జాతీయ సర్వే పత్రాలను బడికి ఇవ్వకపోవడంలో అర్థం ఉంది. ఆ ప్రశ్నలు బయటికి పొక్కితే తర్వాతి సర్వేలతో పోల్చి చూడటానికి పనికిరావు. అయితే రాష్ట్రమే సంవత్సరం మొదట్లో, మధ్యలో, చివర్లో జరిపే స్థాయి పరీక్షలకూ, ఏడాది పొడవునా బడిలోనే పెట్టే ఫార్మేటివ్, సమ్మేటివ్ పరీక్షలకూ ఆ అడ్డంకి లేదు. వాటి పత్రాలను టీచరే దిద్దుతారు. దిద్దిన చేతికే ఏ పిల్ల ఎక్కడ తడబడిందో తెలుస్తుంది. కానీ పంపవలసిన నమూనాలో దాన్ని రాయడానికి గడి లేదు, శాతానికి మాత్రమే గడి ఉంది. గడి లేని సంగతిని రెండు తరగతులకు ఒకే గదిలో పాఠం చెప్పే టీచరు సాయంత్రం నాలుగు గంటలకు కూర్చుని రాసుకోవాలని ఆశించడం అత్యాశే.

హైదరాబాద్‌కు ప్రత్యేకమైన చిక్కు భాష. 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది, ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో ఇంగ్లిషు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. తల్లిదండ్రులు కోరుకున్నదే కాబట్టి దాని మంచిచెడుల జోలికి ఇక్కడ వెళ్లను. కానీ మా తరగతుల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, లంబాడీ మాట్లాడే పిల్లలు, బీహార్, ఒడిశాల నుంచి వచ్చిన పిల్లలు, మరాఠీ ఇళ్ల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. వారికి ఇంగ్లిషులో రెండు మూడు వాక్యాల పాటు సాగే లెక్కను ఇచ్చి, తప్పు రాస్తే గణితంలో వెనుకబడ్డారని రాసేస్తాం. అదే లెక్కను టీచరు నోటితో, పిల్లకు తెలిసిన మాటల్లో అడిగితే సగం మంది ఠక్కున చెప్పేస్తారు. ఆ రెండు ఫలితాల మధ్య తేడాను మా బడుల్లో ఎప్పుడూ ఎవరూ నమోదు చేయలేదు. లెక్క రాకపోవడం వేరు, ప్రశ్న చదవలేకపోవడం వేరు అన్న గీత గీయకుండా గణితానికి అదనపు తరగతులు పెట్టమని ఆదేశాలు వస్తాయి.

ఫలితాలను చదివేటప్పుడు పరీక్షకు ముందు బడి ఎలా నడిచిందో కూడా చూడాలి. 2021 నవంబర్ 12న మూడో తరగతిలో సర్వే రాసిన పిల్లలు కరోనా వల్ల 2020 మార్చిలో ఒకటో తరగతి పూర్తికాకుండానే బడి వదిలారు. రెండో తరగతి మొత్తం ఇంట్లోనే, ఫోన్ ఉన్నవారికి ఫోన్‌లో, లేనివారికి టీవీలో గడిచిపోయింది. రాష్ట్రంలో ప్రాథమిక తరగతులు తిరిగి తెరుచుకున్నది 2021 సెప్టెంబర్ 1న. అంటే రెండున్నర నెలల బడి తర్వాత వారికి మూడో తరగతి పరీక్ష. ఆ ఏడాది మన రాష్ట్ర సగటు జాతీయ సగటుకన్నా కిందే ఉంది, ఆ నింద మొత్తం ప్రాథమిక టీచర్ల మీద పడింది. మళ్లీ 2024లో, డిసెంబర్ 4న సర్వే అనగా, నవంబర్ 6 నుంచి కుటుంబాల వివరాలు సేకరించే సమగ్ర ఇంటింటి సర్వేకు ప్రాథమిక ఉపాధ్యాయులనే ఎన్యూమరేటర్లుగా పంపి, నెల ఆఖరు దాకా ప్రాథమిక బడులను ఒంటిపూట నడిపారు. పొద్దున పాఠం, మధ్యాహ్నం నుంచి ఇళ్ల చుట్టూ ప్రదక్షిణం. ఆ సర్వే అవసరం లేదని నేను అనను, కానీ ఆ నెల పాఠాలు ఎటు పోయాయని తర్వాత ఒక్కరూ అడగలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మునుపటి సర్వేలు ఐదో తరగతిని చూసేవి, ఇప్పటిది ఆరో తరగతిని చూస్తోంది. 2021 ఫలితాలను 500కు లెక్కకట్టిన స్కోర్లుగా ఇచ్చారు, 2024వి శాతాల్లో ఉన్నాయి. 2021లో ఐదో తరగతి గణితంలో జాతీయ సగటు 284 అనీ, 2024లో ఆరో తరగతి గణితంలో 46 శాతం అనీ పక్కపక్కన పెట్టి పెరిగిందో తగ్గిందో తేల్చడం కుదరని పని. తరగతి వేరు, కొలబద్ద వేరు. అయినా అలాంటి పోలికలు వార్తల్లోనూ, అంతకన్నా ఎక్కువగా సమీక్షా సమావేశాల్లోనూ కనిపిస్తాయి.

మరి పిల్లల స్థాయిని సరిగ్గా తెలుసుకునే దారి లేదా అంటే ఉంది, దాన్ని ప్రభుత్వమే ఒకసారి చేసి చూపింది. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు చేయడం నేర్పేందుకు కేంద్రం చేపట్టిన నిపుణ్ భారత్‌లో భాగంగా 2022 మార్చిలో జరిగిన పునాది అభ్యసన అధ్యయనంలో సుమారు పది వేల బడుల్లో 86 వేల మంది మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివించారు, లెక్కలు అడిగారు. అక్కడ ‘బి’ పెట్టి పారిపోవడానికి వీల్లేదు. పిల్ల పదాన్ని ఎక్కడ విరిచి చదువుతోంది, ‘ల’కూ ‘ళ’కూ తడబడుతోందా, గుణింతం దాకా వచ్చి ఒత్తు దగ్గర ఆగిపోతోందా అన్నది వింటేనే తెలుస్తుంది. అదే ఏడాది మన రాష్ట్రంలో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశమూ ఇంచుమించు ఇదే. ఆ కార్యక్రమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థించాను, ఇప్పటికీ సమర్థిస్తాను. పిల్లను ఏ తరగతిలో కూర్చుందో దాన్ని బట్టి కాక, ఎంతవరకు వచ్చో దాన్ని బట్టి గుంపుగా చేసి చెప్పమనడం ఎన్నాళ్ల నుంచో టీచర్లు అడుగుతున్నదే.

కానీ దానికి సమయం కావాలి. ముప్పై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి చదువు ఐదు నిమిషాలు విన్నా రెండున్నర గంటలు పడుతుంది. ఆ సేపు మిగతా ఇరవై తొమ్మిది మందిని ఎవరు చూస్తారు? విద్యాహక్కు చట్టం అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలంటుంది. ఆ ఇద్దరు ఐదు తరగతులు పంచుకోవాలి, మధ్యాహ్న భోజనం లెక్కలు చూడాలి, ఆన్‌లైన్ హాజరు పెట్టాలి, బడుల సమాచారం నమోదు చేసే యూడైస్ వివరాలు నింపాలి, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుపడిన పిల్లల తల్లిదండ్రులకు దారి చెప్పాలి. సర్వే దగ్గర పడుతోందంటే మొదట ఎగిరిపోయేది ఈ ఒక్కొక్కరినీ చదివించే పీరియడే, దాని స్థానంలో మాదిరి పత్రాలు వస్తాయి. చదువు ఎంత వచ్చిందో కొలిచే హడావిడిలో చదివించే వేళే కరిగిపోతోంది.

టీచర్లలో అలసత్వం లేదా, పరీక్షల భయం లేకపోతే పని చేస్తారా అని అడిగేవారు ఉంటారు. అలసత్వం ఉన్నవారూ ఉన్నారు, నా సహోద్యోగుల్లోనూ చూశాను. కానీ అలాంటివారికే ఈ పద్ధతి సుఖంగా ఉంటుంది. వారం ముందు నుంచి జవాబులు బోర్డు మీద రాసి బట్టీ పట్టించి శాతం పెంచి చూపడం వారికి పెద్ద కష్టం కాదు. ఫలానా పిల్ల అప్పు తెచ్చుకోవడం దగ్గర ఆగింది, ఏం చేశావని అడిగితే మాత్రం వారు తప్పించుకోలేరు. ఆ మాటకొస్తే ప్రైవేటు బడుల్లోనూ బాగోతం ఇదే. ఒలింపియాడ్ల పేరుతో వచ్చే ధ్రువపత్రాలను రిసెప్షన్‌లో వేలాడదీసే చిన్న బడుల నుంచి మధ్యలో మా దగ్గరికి వచ్చి చేరిన పిల్లల్లో, ఇంగ్లిషు పద్యం గడగడా అప్పజెప్పి, అందులోని ఒక్క పదం విడిగా చూపిస్తే చదవలేనివారు ఎందరో.

విద్యాశాఖను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. రాష్ట్రం జరిపే స్థాయి పరీక్షల్లో శాతం గడి పక్కన ప్రతి ప్రశ్నకూ ఏ తప్పు జవాబు ఎంతమంది పెట్టారో రాసే గడి చేర్చాలి. ఆ తప్పు దేనివల్ల వస్తుంది, దానికి ఏం చేయాలి అన్న రెండు పుటల వివరణను రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి అయిన ఎస్‌సీఈఆర్‌టీ ప్రశ్నపత్రంతో పాటే తెలుగులో, ఉర్దూలో పంపాలి. ప్రశ్నలు తయారు చేసినవారికి ఆ తప్పు జవాబులను ఎందుకు పెట్టారో తెలుసు కదా! కాంప్లెక్స్ సమావేశాల్లో బడుల వరుస చూపించే అలవాటు మాని, ఆ సమయంలో ఒకే తప్పు చేసిన పిల్లలకు ఏ టీచరు ఎలా చెప్పి దారికి తెచ్చారో మాట్లాడుకోనివ్వాలి. పరీక్ష ముగిసిన వారంలో ఒక పూటైనా కొత్త పాఠం లేకుండా, పిల్లల తప్పులు సరిచేయడానికే వదలాలి. సర్వేకు ముందు మాదిరి పత్రాలు పంపడం పూర్తిగా ఆపేస్తే ఇంకా మంచిది. తర్ఫీదు ఇచ్చి రాయించిన సర్వే నుంచి ప్రభుత్వానికి కూడా నిజం తెలియదు.

బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల తల్లులకు ఫలితాలు చెప్పేటప్పుడూ శాతాలు వద్దు. కూలికి వెళ్లే తల్లికి నలభై రెండు శాతం అంటే అవమానంగా తోస్తుంది, ఏం చేయాలో తోచదు. మీ అమ్మాయి కూడికలు బాగా చేస్తోంది, తీసివేతల్లో ఇక్కడ ఆగింది అని నోటుబుక్కు తెరిచి చూపిస్తే, ఆమెకు చదువు రాకపోయినా ఇంటికెళ్లి రోజూ ఆ పుటే తెరిపిస్తుంది.

పత్రికలను కూడా ఒక మాట అడగాలి. సర్వే ఫలితాలు వచ్చినప్పుడు జిల్లాల వరుసతో పాటు, పిల్లలు ఎక్కువగా తప్పు చేసిన ఒక లెక్కనో, ఒక వాక్యాన్నో ప్రచురించి, ఆ తప్పు ఎందుకు వస్తుందో అనుభవం ఉన్న టీచరు చేత రాయించండి. ఆ కత్తిరింపును స్టాఫ్ రూములో అంటించుకునే టీచర్లు ఈ నగరంలో చాలామందే ఉన్నారు.

చివరగా జిరాక్సుల సంగతి. ముప్పై మంది పిల్లలకు నాలుగేసి కాగితాల చొప్పున ఒక్క మాదిరి పరీక్షకు నూట ఇరవై కాగితాలు కావాలి. నెలలో ఎన్నిసార్లు పత్రాలు పంపినా బడికి వచ్చే నిర్వహణ గ్రాంటు ఏడాదంతటికీ అంతే, అది కూడా సుద్దముక్కలకూ, చీపుళ్లకూ, కరెంటు బిల్లుకూ సరిపెట్టుకోవాలి. మిగతాది టీచర్ల జేబులోంచి పోతుంది. వాట్సాప్‌లో పత్రం పంపే ప్రతి కార్యాలయం దానితో పాటు ముద్రణ ఖర్చు కూడా పంపాలని నిబంధన పెడితే, అవసరం లేని పరీక్షలు వాటంతటవే సగం తగ్గిపోతాయని నా నమ్మకం.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయురాలు,
అంబర్‌పేట, హైదరాబాద్